లేత్‌పై మరలు తప్పుగా పడుతున్నాయా? లోపాన్ని పట్టుకుని సరిచేయడం ఎలా?

నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోగానే చాలామంది టూల్‌ను ఇంకాస్త లోపలికి దింపి మరో కట్ వేస్తారు. నట్టు అప్పుడు ఎక్కవచ్చు, కానీ మర వదులవుతుంది, అసలు లోపం అలాగే ఉంటుంది. లోతు జోలికి వెళ్లేముందు పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) కొలవండి.

1. కొత్త ముక్కపై మార్కర్ రంగు పూసి, గీత మాత్రమే పడేంత పలుచని కట్ వేయండి. మెషీన్ ఆపి, స్కేలుతో పది పిచ్‌ల దూరం చూడండి. పిచ్ 1.5 మి.మీ. అయితే 15 మి.మీ. రావాలి. దాదాపు 15.9 వస్తే మీరు కోస్తున్నది అంగుళానికి 16 మరలు. ఒకే మరను కొలిస్తే ఈ తేడా కంటికి ఆనదు.

పిచ్ తప్పితే గేర్‌బాక్స్ లివర్లను, పిచ్‌ను బట్టి మార్చుకునే చేంజ్ గేర్లను చూడండి. లీడ్ స్క్రూ (టూల్‌ను పక్కకు నడిపే పొడవాటి మర కడ్డీ) పిచ్ 6 మి.మీ. ఉండి, గేర్‌బాక్స్ లేని లేత్‌లో 1.5 పిచ్‌కు నిష్పత్తి 1:4, అంటే స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) వైపు 20 పళ్లు, లీడ్ స్క్రూ వైపు 80. మధ్యలో ఒంటరిగా తిరిగే గేరుకు ఎన్ని పళ్లున్నా నిష్పత్తి మారదు. దాన్ని అనుమానించి సమయం పోగొట్టుకోవద్దు. గేర్లు మార్చేటప్పుడు కరెంటు తీసేయండి.

2. మొదటి గీత సరిగ్గా ఉండి, రెండో కట్ పక్కన పడుతోందా? ఇది గేర్ల తప్పు కాదు. ఎక్కువసార్లు హాఫ్ నట్ (లీడ్ స్క్రూను పట్టుకుని టూల్‌ను దానితో కదిలించే, తెరిచి మూయగల నట్టు) దగ్గరే తేడా వస్తుంది. లీడ్ స్క్రూ పిచ్‌ను మర పిచ్ నిశ్శేషంగా భాగిస్తే (6 లో 1.5 నాలుగుసార్లు) హాఫ్ నట్ ఎక్కడ వేసినా అదే గాడిలో పడుతుంది. 1.25, 1.75 పిచ్‌లకు అలా కుదరదు. థ్రెడ్ డయల్‌పై (హాఫ్ నట్ ఎప్పుడు వేయాలో చూపే డయల్) సరైన గీత కోసం ఆగాలి, లేదా హాఫ్ నట్ అసలు తెరవకుండా టూల్ వెనక్కి లాగి, స్పిండిల్‌ను వెనక్కి తిప్పి తెచ్చుకోవాలి. అంగుళాల లీడ్ స్క్రూతో మిల్లీమీటర్ల మర కోసేటప్పుడు ఈ రెండో పద్ధతే నిశ్చింత. వెనక్కి తెచ్చినప్పుడు టూల్‌ను జాబ్ (కోస్తున్న ముక్క) అంచు దాటించి ఇంకాస్త దూరం తీసుకెళ్లండి. లేకపోతే బ్యాక్‌లాష్ (గేర్లు, స్క్రూల మధ్య వదులు) తీరకముందే కట్ మొదలవుతుంది. స్పిండిల్‌కు మరతో బిగించే చక్ (జాబ్‌ను పట్టే భాగం) అయితే వెనక్కి తిప్పినప్పుడు ఊడే ప్రమాదముంది, జాగ్రత్త.

హాఫ్ నట్ సరిగ్గానే ఉంటే, చక్ దవడకూ జాబ్‌కూ కలిపి ఒక గీత గీయండి. కట్ తర్వాత గీత విడిపోతే జాబ్ జారుతోంది.

3. పిచ్, గాడి రెండూ సరే, నట్టు మాత్రం ఎక్కదు. టూల్ కోణం చూడండి: మెట్రిక్‌కు 60 డిగ్రీలు, విట్‌వర్త్‌కు 55. ఫిష్‌టెయిల్ గేజ్‌ను (టూల్ కోణం సరిచూసే V గాడుల చిన్న రేకు) జాబ్‌కు ఆనించి టూల్‌ను జాబ్‌కు లంబంగా నిలపకపోతే మర ఒక వైపు వాలుతుంది. టూల్ కొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. బయటి మరకు లోతు సుమారు పిచ్‌కు 0.613 రెట్లు, 1.5 పిచ్‌కు 0.92 మి.మీ. మీ క్రాస్ స్లైడ్ (టూల్‌ను జాబ్ లోపలికి, వెనక్కి జరిపే భాగం) డయల్ వ్యాసాన్ని చూపించేదైతే దీన్ని రెట్టింపు చేయాలి. ఈ తికమక వల్ల పాడైన మరలకు లెక్కలేదు.

4. మర అంచులు చిరిగినట్టు ఉంటే వేగం తగ్గించి, టూల్ పదును పెట్టి, కటింగ్ ఆయిల్ వేయండి. సన్నని పొడవాటి జాబ్ మధ్యలో వంగి అక్కడే నట్టు బిగుసుకుంటే, జాబ్ రెండో చివరను టెయిల్ స్టాక్ సెంటర్‌తో ఆనించి, చివర్లో లోతు పెంచకుండా రెండు మూడు కట్లు వేయండి.

పదును పెట్టిన టూల్‌ను మళ్లీ పాత గాడిలో దించడానికి ఒక క్రమం ఉంది. టూల్‌ను జాబ్‌కు దూరంగా ఉంచి, హాఫ్ నట్ వేసి, స్పిండిల్‌ను కట్ దిశలోనే కొంచెం తిప్పి ఆపండి. హాఫ్ నట్ తెరవకుండా కాంపౌండ్ (క్రాస్ స్లైడ్‌పై ఉండే చిన్న స్లైడ్), క్రాస్ స్లైడ్ రెండింటినీ జరుపుతూ టూల్ కొనను గాడి మధ్యలో కూర్చోబెట్టండి. క్రాస్ స్లైడ్ డయల్‌ను అక్కడ సున్నా చేసి, టూల్ వెనక్కి లాగాకే మోటార్ వేయండి.