రియల్ అనాలిసిస్‌ (అవధులు, శ్రేణులు, ఇంటిగ్రేషన్‌లను నిరూపణలతో చదివే గణితం) పరీక్షకి కూర్చునే ముందు

ఇంటర్‌లో ఫార్ములాలతో గట్టెక్కామన్న ధీమా ముందు పక్కన పెట్టండి.

– పదాలు సున్నాకి చేరుతున్నాయి కదా అని శ్రేణి అభిసరిస్తుందని (అంటే మొత్తం ఒక పరిమిత విలువకి చేరుతుందని) రాసేయకండి. 1 + 1/2 + 1/3 + ... ఇలా పది లక్షల పదాలు కూడినా మొత్తం 14.4 దగ్గరే ఉంటుంది, అయినా ఎక్కడా ఆగకుండా పెరుగుతూనే పోతుంది. మొదటి ఇంటర్నల్‌లో నా మార్కులు పోయింది ఇక్కడే.

– రేషియో టెస్టులో (పక్కపక్క పదాల నిష్పత్తి ఎటు పోతుందో చూసి శ్రేణి అభిసరణ తేల్చే పరీక్ష) 1 వస్తే ఏమీ తేలనట్టే. వేరే టెస్టు చూడండి.

– ఇంటిగ్రేట్ చేసే ముందు హద్దుల మధ్య ఫంక్షన్ ఎక్కడైనా అనంతానికి పోతోందేమో చూసుకోండి. 1 కింద ఎక్స్ వర్గం ఉన్న ఫంక్షన్‌ని (1/x²) -1 నుంచి 1 వరకు గుడ్డిగా చేస్తే -2 వస్తుంది. ఎప్పుడూ ధనాత్మకంగా ఉండేదానికి ఋణ వైశాల్యమా!

– అవధి నిరూపణలో ఎప్సిలాన్ (ఎంత దగ్గరగా రావాలో చెప్పే చిన్న ధన సంఖ్య) ముందు, ఎన్ (ఎన్నో పదం నుంచి అంత దగ్గరగా ఉంటాయో) తర్వాత. వరస తప్పితే నిరూపణ మొత్తం పోతుంది.

– హద్దుల్లేని ఇంటిగ్రల్ జవాబు చివర ప్లస్ సీ (స్థిరాంకం). తెలుసు, అయినా చూసుకోండి.