పుస్తకాల మీద గొడవ పడడం ఎలా

చదివే అలవాటున్న నలుగురు ఒకచోట చేరితే వాదన రాక మానదు, రావాలి కూడా. "బాగుంది కదా", "అవును, చాలా బాగుంది" అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోతే ఆ పుస్తకం గురించి ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ లేదు. చిక్కేమిటంటే మన వాదనలు చాలావరకు పుస్తకం దగ్గర మొదలై, కాసేపటికే "నీకు అర్థం కాలేదులే" దగ్గరికో, "అబ్బో, నువ్వే పెద్ద చదివావు మరి" దగ్గరికో వచ్చి ఆగిపోతాయి. అహంకారం వల్ల ఇలా అవుతుందని అందరూ అంటారు గానీ నాకలా అనిపించదు. ఇద్దరూ ఒకే ప్రశ్న గురించి మాట్లాడుకుంటున్నామనుకుంటారు, నిజానికి ఒకరిది ఒక ప్రశ్న, ఇంకొకరిది ఇంకో ప్రశ్న. అందుకే కింద చెప్పేవన్నీ తిరిగి తిరిగి ఒకే పని దగ్గరికి వస్తాయి, అసలు గొడవ దేని మీదో ముందు పట్టుకోవడం.

ముందు అడగండి

ఎవరైనా "ఆ నవల చెత్త" అన్నారనుకోండి. అందులో కనీసం నాలుగు మాటలు కలగలిసి ఉండొచ్చు. నాకు నచ్చలేదు అని కావచ్చు, రాయడం సరిగ్గా రాలేదు అని కావచ్చు, అందులో చెప్పింది తప్పు అని కావచ్చు, రాసినవాడు మంచి మనిషి కాదు అని కూడా కావచ్చు. మీరేమో వాక్యాలు ఎంత అందంగా ఉన్నాయో చెప్పుకుపోతుంటారు, అవతలి మనిషికి వాక్యాలతో పేచీయే లేదు, ఆ నవల ఆడవాళ్ళను చూసిన తీరుతో ఉంది. ఇలా గంటసేపు మాట్లాడుకున్నా ఒకరి మాట ఇంకొకరికి తగలదు. కాబట్టి జవాబు చెప్పే ముందు "చెత్త అంటే ఏ రకంగా? బోర్ కొట్టిందా, రాసిన తీరు బాగాలేదా, అందులో చెప్పినదాంతో పేచీనా?" అని అడగండి. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడగాలి. గొంతులో తేడా ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

"నాకు నచ్చలేదు" అన్న మాటను వాదించి ఓడించడం కుదరదు, ప్రయత్నించకండి. అలాగని "ఎవరి ఇష్టం వాళ్ళది" అని చేతులు దులిపేసుకోవడం కూడా తొందరపాటే. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి గురించి రాసిన వ్యాసంలో ఒక పాత స్పానిష్ నవలలోని చిన్న కథ చెప్తాడు. ఒక పీపాలోని వైన్ రుచి చూసి చెప్పమని ఇద్దరిని పిలుస్తారు. ఒకతను బాగానే ఉంది గానీ కాస్త తోలు రుచి తగులుతోంది అంటాడు. రెండో అతను బాగానే ఉంది గానీ ఇనుము రుచి వస్తోంది అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇద్దరినీ చూసి నవ్వుతారు. తీరా పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు పటకా కట్టిన పాత తాళంచెవి ఒకటి దొరుకుతుంది. ఇద్దరూ చెప్పింది నిజమే, ఇద్దరికీ తెలిసింది సగమే.

పుస్తకాల విషయంలో కూడా "నచ్చలేదు" వెనక అలాంటిదేదో చాలాసార్లు ఉంటుంది. దాన్ని వెతికి బయటికి తియ్యాలి. "మధ్యలో విసుగు పుట్టింది" అంటే ఎక్కడ పుట్టింది? "నాలుగో అధ్యాయం తర్వాత భార్యాభర్తల పోట్లాట మూడుసార్లు వస్తుంది, ప్రతిసారీ అవే మాటలు, కథ మాత్రం కదలదు" అని చెప్తే అది ఇక మీ ఒక్కరి ఇష్టం కాదు, ఎవరైనా పేజీ తిప్పి చూసుకోగలిగిన విషయం. అప్పుడు ఎదుటివాళ్ళు కూడా "కదలకపోవడమే అక్కడ పాయింట్, వాళ్ళ బతుకు అలా ఇరుక్కుపోయింది" అని జవాబివ్వగలరు. దాన్ని మీరు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఇద్దరూ ఒకే పేజీని చూస్తున్నారు, అది చాలు.

పేజీ తెరవమంటున్నది ఊరికే కాదు. చదివిన కొన్నాళ్ళకు మన బుర్రలో ఉండేది ఆ పుస్తకం కాదు, మనం గుర్తుపెట్టుకున్న పుస్తకం. "చివర్లో తండ్రిని క్షమిస్తుంది కదా" అని ఖాయంగా అంటాం, తెరిచి చూస్తే ఆమె ఏమీ అనకుండా గదిలోంచి వెళ్ళిపోయి ఉంటుంది, క్షమించినట్టు అనుకుంది మనమే. పుస్తకం దగ్గర లేకపోతే "నాకు గుర్తున్నంతవరకు" అని ముందే ఒక మాట అనేసి మాట్లాడండి. తర్వాత వెనక్కి తగ్గాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు.

ఎదుటివాళ్ళ మాట మీ నోటితో

మన తర్కశాస్త్రంలో పూర్వపక్షం అనే పద్ధతి ఉంది. ఖండించబోయే ముందు ఎదుటి పక్షం వాదనను తాను చెప్పి, ఆ తర్వాతే తన సిద్ధాంతానికి రావాలి. పుస్తకాల కబుర్లలో ఇంత నియమం అవసరమా అంటే, అవసరమే. "అంటే మీరనేది, ఈ కథలో బీదరికాన్ని చూపించిన తీరు చదివేవాళ్ళ జాలి కోసమే తప్ప ఆ మనుషుల కోసం కాదని, అంతేనా?" అని ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "అంతే" అన్నారా, ముందుకు వెళ్ళొచ్చు. "అబ్బే, నేనన్నది అది కాదు" అన్నారా, ఇప్పటిదాకా మీరు గాలితో యుద్ధం చేశారన్నమాట.

మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన, గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో చర్చలు మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాళ్ళు చెప్పినదాన్నల్లా కొట్టిపారేస్తూ పోయేది వితండం. పుస్తకాల దగ్గర మూడోది చాలా సులభం, చేసేవాళ్ళకు తెలివైనవాళ్ళన్న పేరు కూడా వస్తుంది. మీరు ఏ పుస్తకం పేరు చెప్పినా "ఓవర్‌రేటెడ్" అంటారు, ఏది బాగుందో మాత్రం చెప్పరు. అలాంటివాళ్ళతో వాదన పెంచుకోకుండా "సరే, ఈ పని బాగా చేసిన పుస్తకం ఒకటి చెప్పండి" అని అడగండి. చెప్పారా, మాట్లాడుకోవడానికి ఏదో దొరికినట్టే. చెప్పలేదా, మీకు సాయంత్రం మిగులుతుంది.

రచయితను మధ్యలోకి లాగినప్పుడు

"రచయిత ఉద్దేశం అది కాదు" అన్న మాట దాదాపు ప్రతి చర్చలోనూ పడుతుంది. ఇది పాత గొడవే. 1946లో విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్ పండితులు, రచయిత ఏమనుకున్నాడన్నది రచన విలువను తేల్చే కొలబద్ద కాదని వాదిస్తూ వ్యాసం రాశారు. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ ఇంకా ముందుకెళ్ళి, అర్థానికి యజమానిగా రచయితను కూర్చోబెట్టడమే మానేయాలన్నాడు. వీళ్ళ పేర్లు చెప్పి ఎదుటివాళ్ళ నోరు మూయించమని కాదు నేననేది. ఇన్నేళ్ళుగా తెగని తగువును ఈ పూట మనం తెంచక్కర్లేదని మాత్రమే. ఒక్కటి అడిగితే చాలు: ఆ ఉద్దేశం ఎక్కడి నుంచి తెలిసింది? పుస్తకంలో కనిపిస్తోందా, ఇంటర్వ్యూలో చెప్పాడా, మనమే ఊహించామా? ఇంటర్వ్యూలో చెప్పినది సాక్ష్యమే, కానీ తీర్పు కాదు. తాను రాసినదాని గురించి తాను చెప్పుకున్నదాన్ని కూడా తక్కినవాటిలాగే పరీక్షకు పెట్టొచ్చు.

రచయిత మనిషిగా చెడ్డవాడైనప్పుడు గొడవ ఇంకా ముదురుతుంది. నార్వే రచయిత క్నూట్ హామ్సున్‌కు 1920లో నోబెల్ వచ్చింది, 1943లో ఆ పతకాన్ని ఆయన నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు కానుకగా ఇచ్చాడు. ఇప్పుడు ఆయన్ని చదవాలా వద్దా? ఇలా అడిగితే తెల్లారేదాకా తేలదు, ఎందుకంటే ఇందులో ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆయన నవలలు బాగున్నాయా అన్నది ఒకటి. నాజీ ఆలోచనలు నవలల్లోకి కూడా పాకాయా అన్నది ఇంకొకటి, దీనికి చదవక తప్పదు. ఆయనకు విగ్రహం పెట్టాలా అన్నది మూడోది. నేను డబ్బు పెట్టి కొనాలా అన్నది పూర్తిగా సొంత విషయం. విడివిడిగా అడిగితే, భీకరంగా పోట్లాడుకుంటున్న ఇద్దరు రెండింటిలోనో మూడింటిలోనో ఒకే మాట మీద ఉన్నారని తేలుతుంది.

రాయడం గురించిన వాదనలు

ఇవి మిగతావాటికంటే తేలిక, అయినా ఎందుకో ఇక్కడే ఎక్కువ అరుచుకుంటాం. "విశేషణాలు కొట్టెయ్యాలి", "చెప్పకూడదు, చూపించాలి", "చిన్న వాక్యాలే రాయాలి" లాంటి నియమాలను గాల్లో పెట్టి వాదిస్తే ఎప్పటికీ తెగవు. కానీ వీటిని పరీక్షించి చూసుకోవచ్చు. ఒక పేరా తీసుకుని ఆ నియమం ప్రకారం తిరగరాయండి. రెండింటినీ మూడో మనిషికి ఇచ్చి, ఏది అసలుదో చెప్పకుండా చదవమనండి. ఏం పోయింది, ఏం వచ్చింది అన్నది అప్పుడు కనిపిస్తుంది. నియమం ఒక పేరాకు పనికొచ్చి, దాని పక్క పేరాను చంపేయడం కూడా చూస్తారు.

పెద్ద రచయితను ఉదాహరణగా తెచ్చినప్పుడు కాస్త జాగ్రత్త. పొదుపుగా రాయడానికి అమెరికన్ కథారచయిత రేమండ్ కార్వర్‌ను చూపించడం మామూలు. కానీ ఆయనకు అంత పేరు తెచ్చిన 1981 నాటి కథల సంపుటిని ఎడిటర్ గోర్డన్ లిష్ విపరీతంగా కత్తిరించాడు. కత్తిరించక ముందు కథలెలా ఉండేవో అలాగే 2009లో విడిగా అచ్చయ్యాయి, అవి బాగా పొడవు. కాబట్టి "కార్వర్ ఇలా రాశాడు" అన్నప్పుడు ఏ కార్వర్ అన్న ప్రశ్న ఉంది. ఏది మెరుగు అన్నదాని మీద వాదించుకోండి, అది మంచి వాదన. (నా ఓటు కొన్ని కథల్లో కత్తిరింపుకే, అన్నింటిలో కాదు.)

తత్వం దగ్గర

తత్వం మాట్లాడుకునేటప్పుడు మొదటి ప్రమాదం కొటేషన్లు. అసలు ఎవరి మాటో, ఎక్కడిదో చూసుకోకుండా వాడితే వాదనంతా ఇసుక మీద కట్టినట్టే. "నువ్వనేది నేనొప్పుకోను, కానీ అనే నీ హక్కు కోసం ప్రాణమిస్తాను" అన్న అర్థంలో వోల్టేర్ పేరుతో తిరిగే మాట వోల్టేర్‌ది కాదు. ఎవెలిన్ బియాట్రిస్ హాల్ 1906లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ధోరణిని చెప్పడానికి తానే రాసిన వాక్యం అది. దేవుడు చనిపోయాడన్న జర్మన్ తత్వవేత్త నీచే మాటను చాలామంది విజయోత్సాహంలా వాడతారు. 1882 నాటి పుస్తకంలో ఆ మాట బాగా తెలిసిన చోట దాన్ని అనేది ఒక పిచ్చివాడు, సంతలో. అతన్ని చూసి నవ్వేది అప్పటికే దేవుణ్ణి నమ్మనివాళ్ళు. ఆ సన్నివేశం తెలిస్తే మాట బరువే మారిపోతుంది.

రెండో ప్రమాదం, ఒకే మాటను ఇద్దరూ వేరువేరు అర్థాల్లో వాడడం. న్యాయసూత్రాల భాష్యంలో వాత్స్యాయనుడు దీనికి సరదా ఉదాహరణ ఇస్తాడు. ఒకతను కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి చూపించి "నవకంబళుడు" అంటాడు. నవ అంటే తొమ్మిది కూడా కదా, "తొమ్మిది ఎక్కడున్నాయి, ఒకటేగా ఉంది" అని ఇంకొకతను దెప్పుతాడు. దీన్ని ఛలం అంటారు. మనం కావాలని చెయ్యకపోయినా "స్వేచ్ఛ", "సహజం", "నిజం" లాంటి మాటల దగ్గర ఇదే జరుగుతుంది. నిర్వచనాల కోసం నిఘంటువు తియ్యకండి, అది ఇంకో గొడవ. ఒక ఉదాహరణ అడగండి. "స్వేచ్ఛ లేదంటున్నారు కదా, ఎవరికైనా ఏముంటే స్వేచ్ఛ ఉన్నట్టు ఒప్పుకుంటారు?" అంటే చాలు.

ఊహా ప్రశ్నల విషయంలో ఒక మర్యాద ఉంది. అదుపు తప్పిన ట్రామ్‌ను పక్క పట్టాల మీదికి తిప్పితే ఒకరు, తిప్పకపోతే అయిదుగురు చనిపోతారు, ఏం చేస్తావన్న ప్రశ్న తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. వెంటనే ఎవరో "గట్టిగా కేకేస్తే సరి" అంటారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ప్రశ్నలోని షరతులు మార్చేస్తే జవాబు చెప్పినట్టు కాదు. షరతులే అన్యాయంగా ఉన్నాయనిపిస్తే ఆ మాటే సూటిగా అనండి, "నిజ జీవితంలో ఇంత కచ్చితంగా ఏదీ తెలియదు, అందుకే ఈ ప్రశ్న నుంచి ఏమీ తేలదు" అని. అదీ ఒక వాదనే, మంచిదే కూడా.

ఇంకొకటి, మనందరం చేసేదే. "సీరియస్ పాఠకులెవరూ థ్రిల్లర్లు చదవరు" అంటాం. "ఆయన చదువుతాడుగా, తత్వశాస్త్రం కూడా చదువుతాడు" అని ఎవరో అంటే, "అయితే ఆయన సీరియస్ పాఠకుడు కాదు" అంటాం. తత్వవేత్త ఆంటొనీ ఫ్లూ స్కాట్లాండ్ మనిషి ఉదాహరణతో దీనికి "నిజమైన స్కాట్లాండ్ మనిషి కాదు" అన్న పేరు పెట్టాడు. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, నిర్వచనం మధ్యలో మారిపోతోందని కనిపెట్టగలిగితే చాలు.

ఆపడం

చదవనివాళ్ళను చర్చలోంచి వెళ్ళగొట్టకండి, అసలు మంచి ప్రశ్నలు వాళ్ళ దగ్గర్నుంచే వస్తాయి. తీర్పులు మాత్రం చదివినవాళ్ళకు వదిలెయ్యమనాలి. సగం చదివినవాళ్ళు ఎంతవరకు చదివారో ముందే చెప్పేస్తే ముగింపు బయటపెట్టే గొడవ కూడా తప్పుతుంది.

ఒకే వాక్యం మూడోసారి కొంచెం గట్టిగా వినిపించిందంటే ఇక కొత్తగా వచ్చేదేమీ లేదని లెక్క. అప్పుడు "ఏం చూపిస్తే మీ అభిప్రాయం మారుతుంది?" అని అడగండి, మీరు కూడా మీ వైపు నుంచి జవాబు చెప్పండి. ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేకపోతే అక్కడితో ఆపేయండి. ఎక్కడ కలిశారో, ఎక్కడ కలవలేదో ఒక్క వాక్యంలో అనుకుని లేవండి. మధ్యలో ఏదైనా చిన్న విషయంలో మీ అభిప్రాయం మారి ఉంటే మర్నాటి దాకా దాచుకోకుండా అప్పుడే "ఆ అధ్యాయం విషయంలో మీరన్నదే కరెక్ట్" అనండి. దాని తర్వాత "కానీ" పెట్టకండి.