మన తూటా మనమే నింపుకుందాం – 4వ పాఠం: వాడిన డైలు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

పోయిన పాఠంలో, పేలిన ఖాళీ కేసుని మళ్లీ తూటాగా నింపడానికి వాడే ప్రెస్ ఎంచుకుని బల్లకి గట్టిగా బిగించడం దాకా వచ్చాం. ఇక ఆ ప్రెస్‌లో బిగించే డైల, అంటే కేసుని నొక్కి సరిచేసి బుల్లెట్ దించే అచ్చుల వంతు. కొత్తవే కొనాలా, వాడినవి పనికొస్తాయా అని చాలామందికి అనుమానం. భేషుగ్గా పనికొస్తాయి. డై అంటే గట్టి ఉక్కు, అందులో అరిగిపోయేది చాలా తక్కువ. తుడిచి నూనె రాసి పెట్టుకున్నవాళ్ల చేతిలో ఒక తరం నడిచినా ఇంకో తరానికి మిగులుతుంది. అమెరికాలో పాతకాలపు షూటర్లు పోయినప్పుడో, వయసు మీదపడి ఈ పని మానుకున్నప్పుడో ఇంట్లోవాళ్లు గరాజ్ ఖాళీ చేస్తూ డబ్బాలకి డబ్బాలు ఆన్‌లైన్‌లో పెట్టేస్తుంటారు. లోపల ఏముందో అమ్మేవాళ్లకే తెలియకపోవడం మామూలే. కాబట్టి ఈ పాఠమంతటికీ ఒకటే సూత్రం: డబ్బా మీద అట్ట ఏం చెప్పినా, అమ్మేవాళ్లు ఏం రాసినా, డై మీద గుద్దిన అక్షరాలు ఏం చెబుతున్నాయి, ఫొటోలో ఏం కనబడుతోంది, వాటిని బట్టే డబ్బు పెట్టండి.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే ఇది చదివే తెలుగువాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తక్కువేం కాదు. డైలు కొనడానికి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఏ లైసెన్సూ అక్కర్లేదు, మామూలు పనిముట్లలాగే పోస్టులో ఇంటికొస్తాయి. సొంతానికి తూటాలు నింపుకోవడానికీ ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. కానీ అదే చట్టం దృష్టిలో తూటా బయటి గొట్టమైన ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, బుల్లెట్, పౌడర్, వీటిలో ఏ ఒక్కటి విడిగా ఉన్నా అది అమ్యునిషనే, అంటే మందుగుండు సామగ్రే. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ వీసా నిషేధం వర్తించదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. డైల సెట్టుతో పాటు "ఓ గుప్పెడు ఖాళీ కేసులు కూడా ఊరికే వేసి పంపుతాను" అని అమ్మేవాళ్లు మంచి మనసుతోనే అంటారు. మినహాయింపు లేని వీసా మీద ఉంటే ఆ గుప్పెడు ఇత్తడి వద్దని ముందే స్పష్టంగా రాసెయ్యండి. ఇంకో మాట, మన దేశంలో 1959 ఆయుధాల చట్టం తూటాలు తయారుచేసే యంత్రసామగ్రిని కూడా అమ్యునిషన్ కిందే లెక్కేస్తుంది. ఇండియా ప్రయాణంలో సూట్‌కేసులో డైలు పెట్టుకెళ్లే ఆలోచన అసలు రానివ్వకండి.

సరే, సెట్టులో ఏమేం ఉండాలి? మెడ సన్నగా ఉండే రైఫిల్ తూటాలకి సాధారణంగా రెండు డైలు. మొదటిది సైజింగ్ డై, పేలాక ఉబ్బిన కేసుని మళ్లీ కొలతకి నొక్కుతుంది. దాని మధ్యలోంచి ఒక కడ్డీ, కడ్డీ చివర పాత ప్రైమర్‌ని తోసే పిన్ను, పైన కేసు మెడని లోపలినుంచి సరిచేసే ఎక్స్‌పాండర్ బంతి. రెండోది సీటింగ్ డై, బుల్లెట్‌ని కేసులోకి దించుతుంది. పిస్టల్ తూటాలకి మూడు, మధ్యలో కేసు మూతిని కొంచెం విప్పే డై ఒకటి ఎక్కువ. పిస్టల్ సైజింగ్ డై లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు ఉంటే కేసులకి లూబ్ (ఇరుక్కోకుండా జారడానికి రాసే పూత) రాసే పని తప్పుతుంది కాబట్టి దానికి నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ప్రెస్‌లో కేసు అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్ మాత్రం చూసుకోవాలి. లీ కంపెనీ సెట్లలో అది మామూలుగా వస్తుంది, ఆర్‌సీబీఎస్ వాటికి సాధారణంగా విడిగా కొనాలి. పైగా నంబర్లు కంపెనీకో రకం: .308 అనే రైఫిల్ తూటాకి ఆర్‌సీబీఎస్‌లో 3, లీలో 2.

ఇప్పుడు అసలు పని, అక్షరాలు చదవడం. ఒక ఆకుపచ్చ ఆర్‌సీబీఎస్ డబ్బా అనుకోండి, ప్రకటనలో ".300 విన్ మాగ్ డైలు, బాగున్నాయి" అని ఒక్క ముక్క రాశారు. ఫొటో పెద్దది చేసి డై తల మీద చూడండి. కంపెనీ పేరు, తూటా పేరు, ఎఫ్ఎల్ అని ఉంటే ఫుల్ లెంగ్త్ (కేసుని మెడ ఒక్కటే కాక నిలువునా మొత్తం నొక్కేది), పక్కనే రెండంకెలు ఉంటే అది తయారైన సంవత్సరం, 78 అంటే 1978. ఇప్పుడు రెండో డై కూడా చూడండి. ఒకదాని మీద .300 విన్ మాగ్ అని, ఇంకోదాని మీద .300 వెదర్‌బీ అని ఉండొచ్చు. ఎవరో రెండు సెట్లు పక్కపక్కన పెట్టుకుని వాడి, సర్దేటప్పుడు మార్చి పెట్టేశారు. .300 అనే పేరుతోనే విన్ మాగ్, డబ్ల్యూఎస్ఎమ్, వెదర్‌బీ, సావేజ్, బ్లాకౌట్ ఉన్నాయి, ఒకదాని డై ఇంకోదానికి పనికిరాదు. 45 ఏసీపీ, 45 కోల్ట్ కూడా అంతే, 9 ఎంఎం లూగర్, 9 ఎంఎం మకరోవ్ కూడా అంతే. .38 స్పెషల్, .357 మాగ్నమ్ మాత్రం ఒకే సెట్టుతో నడుస్తాయి. 1960లలో మన ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన 7.62 ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు సర్‌ప్లస్‌గా అమెరికాకి చాలానే వచ్చాయి, వాటికి వాడేది .308 డైలే, అయితే అందులో పౌడర్ ఎంత అన్నది పూర్తిగా వేరే లెక్క, అది తర్వాతి పాఠాల్లో.

ట్రిమ్ అనో ఫామ్ అనో గుద్ది ఉంటే ఆగండి. చూడ్డానికి సైజింగ్ డైలాగే ఉంటుంది గానీ అది కేసుని పొడవు తగ్గించడానికో, వేరే తూటా కేసుగా మార్చడానికో వాడేది. ఎస్‌బీ అంటే స్మాల్ బేస్, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల కోసం కేసు అడుగుని కాస్త ఎక్కువ నొక్కుతుంది. మీది బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించే రైఫిల్) అయితే దాని వెనక పడాల్సిన పని లేదు. తూటా పేరు చివర ఏఐ అని ఉంటే అది ఆక్లీ ఇంప్రూవ్డ్, అంటే కేసు ఆకారం మార్చిన రకం, మామూలు ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఉన్న రైఫిల్‌కి వద్దు.

డై మీది మరల (థ్రెడ్ల) సంగతి తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈరోజు దాదాపు అన్ని ప్రెస్‌లూ వాడే కొలత ఒకటే: అంగుళంలో ఎనిమిదింట ఏడొంతుల వ్యాసం, అంగుళానికి 14 మరలు. ఆర్‌సీబీఎస్, లీ, రెడ్డింగ్, హార్నడీ, ఫోర్‌స్టర్, లైమన్ వాళ్ల మామూలు డైలన్నీ ఇదే కొలత, ఎవరి డై ఎవరి ప్రెస్‌లోనైనా పడుతుంది. పాత పసిఫిక్ డైలు దొరికినా భయం లేదు, ఆ కంపెనీని 1971లో హార్నడీ కొనేసింది. కానీ డిల్లన్ స్క్వేర్ డీల్ బీ ప్రెస్ డైలు ఆ ప్రెస్‌కి మాత్రమే పడతాయి. లైమన్ 310 అనే చేతి పనిముట్టు డైలు సన్నవి, మన ప్రెస్‌లో నిలవవు. .50 బీఎంజీ డైలు మరీ లావు. ఇవి చవగ్గా కనబడి ఊరిస్తాయి. ప్రకటనలో ప్రెస్ పేరు ఏదైనా ఉంటే అది ఎందుకు రాశారో తేల్చుకున్నాకే ముందుకెళ్లండి.

ఫొటోలు ఎలా అడగాలో చెబుతాను. మూడు చాలు. డైల తలలు అక్షరాలు కనబడేలా ఒకటి, అన్ని భాగాలూ డబ్బాలోంచి తీసి గుడ్డ మీద పరిచి ఒకటి, సైజింగ్ డైని తలకిందులు చేసి మూతిలోకి టార్చి వేసి ఒకటి. ఈ మూడోది చాలా ముఖ్యం. పైన తుప్పు ఉంటే పెద్ద బాధ లేదు, నూనె పోసి నాలుగు సున్నాల స్టీల్ వుల్‌తో రుద్దితే పోతుంది. లోపల, కేసు రాసుకునే గోడల మీద తుప్పు తిని గుంటలు పడి ఉంటే ఆ డై చేసే ప్రతి కేసు మీదా నిలువు గీత పడుతుంది, దాన్ని ఎంత పాలిష్ చేసినా గుంట గుంటే. ఇత్తడి అంటుకున్న మరక మాత్రం పాలిష్‌తో వదులుతుంది. ఫొటోలో తేడా ఇలా పట్టుకోవచ్చు: ఇత్తడి పసుపుగా మెరుస్తుంది, గుంట నల్లగా వెలుగుని మింగేస్తుంది. కార్బైడ్ రింగు అయితే అంచు అంతా ఒకేలా ఉందా, ఎక్కడైనా పెచ్చు లేచిందా, సన్నని పగులు ఉందా చూడాలి. కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు, కిందపడితే పగులుతుంది.

అదే ఫొటోలో డై లోపల ఇరుక్కుపోయిన కేసు కనబడితే అది సెట్టు కాదు, మరమ్మతు పని. లూబ్ రాయకుండా నొక్కితే జరిగేది ఇదే. కేసు అడుగుని డ్రిల్ చేసి, మర వేసి, బోల్టుతో లాగే కిట్లు దొరుకుతాయి, చేతనైతే చేసుకోవచ్చు. కానీ ధర అందుకు తగ్గట్టు ఉండాలి. పరిచిన భాగాల ఫొటోలో ప్రైమర్ పిన్ను లేకపోయినా, డైని ప్రెస్‌లో కదలకుండా నిలిపే లాక్ రింగు లేకపోయినా బేరం వదులుకోవద్దు, అవి విడిగా చవగ్గా దొరుకుతాయి. సీటింగ్ డైలో బుల్లెట్ ముక్కుని నొక్కే స్టెమ్ వేరే ఆకారంది ఉంటే బుల్లెట్ మీద రింగులా మచ్చ పడుతుంది, అదీ మార్చుకోవచ్చు. పాత ఆర్‌సీబీఎస్ లాక్ రింగు స్క్రూ కింద ఒక చిన్న సీసపు గుండు ఉండాలి, అది లేకుండా బిగిస్తే స్క్రూ నేరుగా డై మరలని తినేస్తుంది. కాబట్టి రింగు కింద మరలు నలిగాయా అని కూడా అడగండి.

ధర దగ్గర ఒక్కటే లెక్క: అదే సెట్టు కొత్తది ఎంతో ముందు చూసి, వాడినదాని ధరకి పోస్టేజీ, కావాల్సిన భాగాల ఖర్చు కలపండి. ఉక్కు బరువు, పోస్టేజీ తక్కువేం కాదు. మామూలు లీ సెట్టు వాడినది కొంటే మిగిలేది పెద్దగా ఉండదు, కొత్తదే తీసుకోండి. లాభమంతా రెడ్డింగ్, ఫోర్‌స్టర్ లాంటి ఖరీదైన డైలలో, ఇప్పుడు అరుదైపోయిన తూటాల డైలలో ఉంటుంది. వేలం అయితే సైటుని బట్టి పద్ధతి మారుతుంది. ఈబేలో గడువు అయ్యాక అంతే, గన్‌బ్రోకర్‌లో చివరి 15 నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు పెరుగుతూ పోతుంది, ఆ పొడిగింపుల్లోనే ఆవేశం ఎక్కి కొత్తదాని ధర దాటించేస్తారు. మీ పై ధర ముందే కాగితం మీద రాసుకోండి, అది దాటితే కంప్యూటర్ మూసేయండి.

నేరుగా మనిషి దగ్గర కొంటుంటే, ఆ మూడు ఫొటోల్లో ఒకదాన్ని డైల పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన చీటీ పెట్టి తీసి పంపమనండి. వేరేవాళ్ల ఫొటోలు ఎత్తుకొచ్చి అమ్మేవాళ్లు అక్కడే ఆగిపోతారు. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ పద్ధతిలో పంపమంటే ఒప్పుకోకండి, ఆ డబ్బుకి కొనుగోలు రక్షణ ఉండదు. పాతకాలపువాళ్లు పోస్టాఫీసు మనీ ఆర్డర్ అడుగుతారు, అందులో తప్పేం లేదు, రసీదు మాత్రం దాచుకోండి.

పార్శిల్ వచ్చాక వెంటనే ప్రెస్‌లో బిగించకండి. డై మొత్తం విప్పి, ప్లాస్టిక్, రబ్బరు రింగులు తీసేసి, బయట గాలి ఆడేచోట బ్రేక్ క్లీనర్‌తో కడగండి. పాత నూనె గట్టిపడి లోపల పొరలా ఉంటుంది, దూదిపుల్ల తిప్పితే గోధుమరంగులో వస్తుంది. తెల్లగా వచ్చేదాకా తిప్పి, పల్చగా కొత్త నూనె పట్టించండి. కాలిపర్‌తో ఎక్స్‌పాండర్ బంతిని కొలవండి. .308 సెట్టులో అది .308 అంగుళం కన్నా ఒకటి రెండు వేయో వంతులు తక్కువ ఉండాలి. .28 దగ్గర చూపిస్తే ఎవరో 7 ఎంఎం బంతి వేసి వదిలేశారు.

తర్వాత మీ రైఫిల్‌లో పేలిన ఒక ఖాళీ కేసు తీసుకుని లూబ్ రాసి సైజ్ చేయండి. లూబ్ తుడిచేసి కిటికీ వెలుగులో కేసుని మెల్లగా తిప్పండి. గోరు తగిలేంత నిలువు గీత ఉంటే డైని ఇంకోసారి కడిగి ఇంకో కేసుతో చూడండి, మళ్లీ అదే చోట గీత వస్తే అది గుంట, తిరిగి పంపేయండి. గీత లేకపోతే కేసు కొలత సరిచూసే కేస్ గేజ్‌లో వేయండి. కేసు అడుగు గేజ్ మీది రెండు మెట్ల మధ్య ఉండాలి. కింది మెట్టు కన్నా లోపలికి పోతే భుజం (మెడ కింది వాలు) మరీ వెనక్కి నొక్కేసిందన్నమాట, అలాంటి కేసుని మళ్లీ మళ్లీ పేలిస్తే అడుగు దగ్గర సాగి సాగి ఒకరోజు రెండు ముక్కలవుతుంది. పాత యజమాని డై అడుగు గ్రైండ్ చేయించి ఉంటే ఇలా జరుగుతుంది. డైని పారేయక్కర్లేదు, షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించకుండా కొంచెం పైన ఆపి, ఒక్కో కేసుకీ గేజ్ చూసుకుంటూ సెట్ చేసుకోవచ్చు. ఎంత పైన, ఎలా లాక్ చేయాలి అన్నదే 5వ పాఠం.

అప్పటిదాకా ఒక అభ్యాసం. ఏ సైటులోనైనా మీ తూటాకి చెందిన ప్రకటనలు మూడు తెరవండి, కొనొద్దు. ప్రతిదానికీ డై తల మీద ఏం గుద్ది ఉందో, ఏ ఫొటో లేదో, అమ్మేవాళ్లని అడగాల్సిన ప్రశ్న ఏమిటో, కొత్తదాని ధరతో పోల్చి మీ పై ధర ఎంతో రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ కాగితం, ఒక కేస్ గేజ్, మీ రైఫిల్‌లో పేలిన కేసులు అయిదు దగ్గర పెట్టుకుని కూర్చోండి.