షామియానా వేశాక పరిగెత్తడం కాదు, మార్చిలోనే మొదలుపెట్టండి

పదో తరగతి హాల్‌టికెట్లు వచ్చాయంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. పరీక్షలు అయిపోతాయి, సెలవులిస్తారు, గురుకులాల్లో, కస్తూర్బా బాలికల హాస్టల్ బడుల్లో ఉన్న ఆడపిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్లకొస్తారు, అప్పుడే వైశాఖం ముహూర్తాలు కూడా వచ్చిపడతాయి, 18 నిండని పిల్లలకు పెళ్లిళ్లు పెట్టేస్తారు. నేను అంగన్‌వాడీ టీచర్ని, మా పంచాయతీ బాలల రక్షణ కమిటీలో ఉన్నాను. అందుకే సర్పంచులకు, వార్డు మెంబర్లకు, నాలాంటి టీచర్లకు ఇది రాస్తున్నా.

"ఇంకా ఎక్కడున్నాయమ్మా బాల్య వివాహాలు" అనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రాలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. నలుగురిలో ఒకరనుకోండి.

మీ కమిటీ రిజిస్టర్ ఒకసారి తీయండి. మా దాంట్లో రిటైరైన హెడ్మాస్టర్ సంతకం ఉంది, బదిలీ అయిపోయిన ఏఎన్ఎం పేరు ఉంది. పిల్లల తరఫున ఇద్దరుండాలి కదా, వాళ్లలో ఒకమ్మాయికి పెళ్లయిపోయి, ఆమె కొడుకు ఇప్పుడు నా సెంటర్‌కే గుడ్డు తినడానికి వస్తున్నాడు. అంటే అన్నేళ్లుగా ఆ కమిటీ కూర్చోనే లేదు. కాబట్టి మార్చిలోనే ఒక మీటింగ్ పెట్టి పేర్లు మార్చండి, టీ బిస్కెట్లు లేకపోయినా పర్వాలేదు.

తర్వాత ఊళ్లో 18 నిండని పెద్దాడపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాసి పెట్టుకోండి. తేదీ మాత్రం బడి రికార్డులోంచో జనన ధ్రువపత్రంలోంచో తీసుకోండి, ఆధార్ చూసి సరిపెట్టుకోవద్దు. పెళ్లి ఆపడానికి వెళ్లినప్పుడు మన ముఖం మీద పెట్టేది ఆధార్ కార్డే, అందులో అమ్మాయికి పంతొమ్మిదేళ్లుంటాయి! ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ముందే బడిలో బోనఫైడ్ తీసి పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇక కబురు ఎవరి ద్వారా వస్తుందంటే, నా అనుభవంలో పోలీసులకంటే, టీచర్లకంటే ముందు బ్లౌజులు కుట్టే ఆమెకు తెలుస్తుంది. పదిహేనేళ్ల పిల్లకు ఒకేసారి అయిదు పట్టు బ్లౌజులు ఇచ్చారంటే అది పుట్టినరోజుకి కాదు. ఆమెతో మంచిగా ఉండండి. మధ్యలో టీసీ అడిగినా, "అమ్మమ్మ ఊరికి పంపించాం" అన్నా ఒక కన్నేసి ఉంచండి. పురోహితుడికి, పాస్టర్‌కి, ఖాజీకి, ఫంక్షన్ హాల్ ఆయనకి ముందే ఒక మాట చెప్పాలి, పెళ్లి జరిపించినవాళ్లకీ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటాయని. తల్లిదండ్రులు వినకపోయినా వీళ్లు వింటారు.

ఆ ఇంటికి మొదటిసారే పోలీసు జీపు వేసుకుని పోవద్దు. పరువు పోయిందని పంతం పడతారు, పంతానికి పెళ్లి చేస్తారు. సాయంత్రం పూట ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి తల్లితో కూర్చోండి. "కాలం బాలేదు, ఎవడితోనో వెళ్లిపోతే?" అంటుంది, లేదా ముసలావిడ కళ్లు మూసేలోపు చూడాలంటుంది. చట్టం చదవకండి. ఇంటర్ ఉన్న కస్తూర్బాలో సీటు సంగతి చెప్పండి. తెలంగాణలో అయితే 18 నిండకపోతే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు రావనే మాట జైలు మాటకంటే బాగా పనిచేస్తుంది, నిజం చెప్తున్నా.

అయినా వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, రాత్రయినా పగలైనా. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారులకు చెప్పి మేజిస్ట్రేట్ నుంచి నిషేధ ఉత్తర్వు తెప్పించే దారి కూడా ఉంది, అది వచ్చాక చేసిన పెళ్లి చెల్లనే చెల్లదు. చాలామంది దీని జోలికే పోరు, ముహూర్తం రోజు పొద్దున్నే టెంటు దగ్గరికి పరిగెత్తుతారు. అప్పటికి మాంసం కూడా ఉడుకుతుంటుంది, ఊరంతా మనల్నే తిడుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక పెళ్లి ఆపాం, తండ్రితో తెల్లకాగితం మీద "18 నిండేదాకా చేయను" అని రాయించుకున్నాం, కాగితం ఫోటో గ్రూపులో పెట్టి శభాష్ అనిపించుకున్నాం. పదకొండో రోజు రాత్రి పిల్లను పిన్ని ఊరికి తీసుకెళ్లి గుళ్లో తాళి కట్టించేశారు. మాలో ఒక్కరం కూడా మధ్యలో ఆ గడప తొక్కలేదు. అప్పటినుంచి పెళ్లి ఆపిన ఇంటికి నేను వారానికోసారి ఏదో వంకతో వెళ్తున్నా, ఒకసారి బరువు చూస్తానని, ఒకసారి ఐరన్ మాత్రలు అందాయా అని. వాళ్లు ఊరు దాటి పోయేలా ఉంటే ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కి కూడా ఫోన్ చేసి పెడతా.

ఫోటోల సంగతి వచ్చింది కాబట్టి, ఆ పిల్లను పక్కన నిలబెట్టుకుని సర్పంచ్‌గారు కండువాతో దిగే ఫోటో అస్సలు వద్దు. పిల్ల ఎవరో బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. కబురు చెప్పినవాళ్ల పేరు కూడా కమిటీ గడప దాటొద్దు, లేకపోతే వచ్చే ఏడాది బ్లౌజులు కుట్టే ఆమె నోరు విప్పదు.

జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచాక ఆ పేర్ల కాగితం పట్టుకుని వెళ్లండి. హాజరు పట్టీలో పేరుందంటే పిల్ల వస్తున్నట్టు కాదు. క్లాసులోకి వెళ్లి బెంచీ మీద ఉందో లేదో చూసి రండి.