వాష్‌బేసిన్ ట్రాప్‌కూ వెంట్ పైపుకూ మధ్య ఎంత దూరం ఉండాలి?

వేసవి సెలవులకు ఊరెళ్లి తిరిగి వచ్చిన హైదరాబాద్ కుటుంబాలు బాత్రూం తలుపు తీయగానే ముక్కు మూసుకోవడానికి తరచుగా ట్రాప్‌లోని (మురుగు వాసన పైకి రాకుండా నీటిని నిలిపి ఉంచే వంపు పైపులోని) నీరు ఆవిరైపోవడమే కారణం. ఒక చెంబు నీళ్లు పోస్తే అది తీరుతుంది. రోజూ వాడే బేసిన్ నుంచి కూడా వాసన వస్తూ, నీరు దిగేటప్పుడు గుడగుడమని వినిపిస్తే మాత్రం మురుగు పైపుకు గాలి అందించే వెంట్ పైపు అమరికను అనుమానించాలి.

ట్రాప్‌లో కనీసం 50 మిల్లీమీటర్ల లోతున నీరు నిలవాలి. బేసిన్ రంధ్రం నుంచి ట్రాప్ పొర్లు అంచు (ట్రాప్ నిండి నీరు అవతలికి పొర్లే చోటు) వరకు నిలువు దూరం 600 మిల్లీమీటర్లు మించకూడదు. ట్రాప్ నుంచి బయలుదేరే అడ్డపైపుకు మీటరుకు సుమారు 20 మిల్లీమీటర్ల వాలు ఇవ్వాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: వెంట్‌ను చేరేలోగా ఆ పైపు మొత్తం దిగుడు దాని వ్యాసాన్ని మించితే, వెంట్ నోరు ట్రాప్ నీటిమట్టం కన్నా కిందికి పోయి, గాలి అందక, పారే నీరే ట్రాప్‌లోని నీటిని కూడా లాక్కుపోతుంది. ఒకటిన్నర అంగుళాల పైపుకు అమెరికాలోని యూనిఫాం ప్లంబింగ్ కోడ్ 42 అంగుళాలనూ, ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్ 6 అడుగులనూ గరిష్ఠ దూరంగా నిర్ణయించాయి. వాలును కంటి అంచనాతోనే ఇచ్చే చోట మీటరు దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం. మరీ దగ్గరైనా పనికిరాదు, పైపు వ్యాసానికి కనీసం రెండింతల దూరం వదలాలి.

వెంట్ పైపును బేసిన్ అంచుకు 150 మిల్లీమీటర్లు పైకి తీసుకెళ్లిన తరువాతే పక్కకు మళ్లించాలి. బేసిన్ గొట్టం నేరుగా బాత్రూం నేలలోని నహానీ ట్రాప్‌లోకి దిగే ఫ్లాట్లలో కాపాడవలసిన నీరు ఆ నహానీ ట్రాప్‌లోనిదే.