ఫోన్ ఎవరి పేరు మీద ఉంది? హెచ్-4 మీద న్యూజెర్సీ వచ్చిన చెల్లెళ్లకు

మొన్న మా చుట్టుపక్కల ఒకమ్మాయికి జరిగింది విన్నాక ఇది రాయక తప్పడం లేదు. హెచ్-4 మీద, అంటే మొగుడి హెచ్-1 ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే వీసా మీద, వచ్చి ఏడాది నిండలేదు. ఇంట్లో మాటామాటా పెరిగి చేయి చేసుకోవడం దాకా వచ్చింది. ధైర్యం కూడగట్టుకుని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. ఏ ఫోన్ నుంచి? మొగుడి ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న ఫోన్ నుంచి. సాయంత్రం అతగాడు ఫోన్ కంపెనీ అకౌంట్ తెరిచి చూస్తే అంతా వరసగా ఉంది: ఏ నెంబరు, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు. ఆ నెంబరు గూగుల్‌లో కొట్టి చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఆమె ఇప్పుడు వేరేచోట క్షేమంగా ఉంది. అంతకుమించి చెప్పను.

చెల్లెలనుకుని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ప్రాణం మీదికొస్తే 911 అని అందరూ చెబుతారు, నీకూ తెలుసు. నేను చెప్పేది దానికి ముందు సంగతి.

నేను వచ్చిన కొత్తలో ఈ దేశంలో నా పేరు మీద ఒక్క కాగితం లేదు. సిమ్ మా ఆయన ప్లాన్‌లోది. జీమెయిల్ ఆయనే తెరిచారు, పాస్‌వర్డ్ ఆయనే పెట్టారు. అపార్ట్‌మెంట్ లీజు ఆయనది, కరెంటు ఆయనది. వర్క్ పర్మిట్ లేని హెచ్-4కి సోషల్ సెక్యూరిటీ నెంబర్ ఇవ్వరు. ఆ వర్క్ పర్మిట్ అనేదే 2015 దాకా లేదు. ఇప్పటికీ ఆయన గ్రీన్‌కార్డ్ ఫైలు ఐ-140 (కంపెనీ పెట్టే పిటిషన్) దాటితేనో, హెచ్-1 ఆరేళ్లు దాటి పొడిగిస్తేనో తప్ప రాదు. కారు తోలడం రాదు, బయట జనవరి చలి, పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చోవడం. మా ఆయన మంచివాడు, అందుకే ఇదంతా నాకు సౌకర్యంగానే అనిపించింది. కానీ చెడ్డవాడి ఇంట్లోనూ ఏర్పాటు అచ్చంగా ఇదే. వాడు కొత్తగా ఏ తాళమూ వేయక్కర్లేదు, దేశమే వేసి పెట్టింది.

అందుకే ముందు ఫోన్. కొట్టినా కొట్టకపోయినా, నీ సంసారం చల్లగా ఉన్నా సరే, ముందు ఫోన్.

వాల్‌మార్ట్‌లో, టార్గెట్‌లో ప్రీపెయిడ్ సిమ్‌లు గోడకి వేలాడుతూ ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ అడగరు, నగదు ఇచ్చి తెచ్చుకోవచ్చు. అయితే కొత్త సిమ్ తెచ్చి అదే ఫోన్‌లో వేసుకుని హమ్మయ్య అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ ఎవరు తెరిచారు? ఐఫోన్ అయితే ఆపిల్ ఐడీ ఎవరిది? మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరితో ఆన్‌లో ఉంది? నువ్వు షాపుకి వెళ్లి కొత్త సిమ్ కొన్న సంగతి, నువ్వు ఇంటికొచ్చేలోపే అతని తెర మీద చుక్కగా కనిపిస్తుంది. తలుపు దగ్గర డోర్‌బెల్ కెమెరా ఉంటే నువ్వు వెళ్లిన వేళ, వచ్చిన వేళ దాంట్లో ఉంటాయి. కారుకి యాప్ ఉంటే కారు ఎక్కడుందో అదీ చెబుతుంది.

ఇండియా నుంచి తెచ్చిన పాత ఫోన్ సూట్‌కేసులో ఏదైనా పడి ఉంటే తీసి ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యి. కొత్త ఈమెయిల్ దాంట్లో తెరువు, పాత నెంబరుకి కలపకుండా. ఇంటి వైఫైకి కలపొద్దు, లైబ్రరీ వైఫై చాలు. రోజూ వాడే ఫోన్‌ని మాత్రం కదిలించకు. హఠాత్తుగా లొకేషన్ ఆపేసి, పాస్‌వర్డ్‌లు మార్చేస్తే అతనికి అనుమానం వస్తుంది, అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది. ఆ ఫోన్ ఇంట్లోనే ఉండనీ, యూట్యూబ్‌లో వంటలు చూస్తూ ఉండనీ.

ఇదేదీ కుదరకపోతే లైబ్రరీ కంప్యూటర్. ఊరూరా పబ్లిక్ లైబ్రరీ ఉంటుంది, చాలా చోట్ల కొత్తవాళ్లకి ఇంగ్లిష్ మాట్లాడే క్లాసులు ఉచితంగా పెడతారు. క్లాసుకి వెళ్తానంటే ఏ మొగుడూ వద్దనడు. అన్నాడంటే అది కూడా గుర్తుపెట్టుకో, రేపు ఎవరైనా అడిగితే చెప్పాల్సిన విషయమే.

నీ నెంబరే నీకు కావాలి, ఇండియా బ్యాంకుకి, అమ్మావాళ్లకి అందరికీ అదే ఇచ్చాను అంటావా? 2022లో సేఫ్ కనెక్షన్స్ యాక్ట్ అని చట్టం చేశారు. హింస జరుగుతోందని ఏదో ఒక ఆధారం చూపించి అడిగితే, రెండు పనిదినాల్లో నీ లైను అతని ప్లాన్ నుంచి విడదీసి నీకు ఇవ్వాలి. అతనికి శిక్ష పడక్కర్లేదు, కేసు నడవక్కర్లేదు, అతను ఒప్పుకోనక్కర్లేదు. స్టోర్‌లో కుర్రాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. చట్టం పేరు చెప్పి గట్టిగా అడుగు. ఎప్పుడు అడగాలో మాత్రం ముందు హెల్ప్‌లైన్ వాళ్లతో మాట్లాడి నిర్ణయించుకో. లైను విడిపోయిన సంగతి అతనికి తెలియకుండా పోదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాస్‌పోర్ట్, వీసా పేజీ, నీ ఐ-797 (ఇమ్మిగ్రేషన్ వాళ్లు పంపే మంజూరు కాగితం), అతని ఐ-797, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, లీజు. అన్నిటికీ ఫోటోలు తీసి ఆ కొత్త ఈమెయిల్‌లో పెట్టుకో. ఐ-94, అంటే నువ్వు ఈ దేశంలోకి వచ్చిన రికార్డు, పాస్‌పోర్ట్ వివరాలతో ప్రభుత్వ సైట్‌లోనే దొరుకుతుంది. దెబ్బల ఫోటోలు ఉంటే అవీ అక్కడే. బంగారం గురించి అడగకండి, ప్రాణం కన్నా ఎక్కువేం కాదు.

ఇక ఎవరికి చెప్పుకోవాలి? న్యూజెర్సీలో మానవి ఉంది. 1985లో మొదలైంది, హింస పడుతున్న దక్షిణాసియా ఆడవాళ్ల కోసం అమెరికాలో పుట్టిన మొదటి సంస్థ అదే. కౌన్సెలింగ్ చేస్తారు, లాయర్ల దగ్గరికి దారి చూపిస్తారు, ఆషియానా అని కొన్నాళ్లు ఉండటానికి వాళ్లదే ఇల్లు ఉంది. మామూలు షెల్టర్‌లో రోజులు తక్కువ, మంచం ఖాళీ లేకపోతే పక్క కౌంటీకి పంపుతారు, తెలిసి ఉండటం మంచిది. రాష్ట్రం హెల్ప్‌లైన్ 1-800-572-7233, దేశం మొత్తానికి 1-800-799-7233, రెండూ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తాయి. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకి న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ, డల్లాస్‌లో చేతన, అట్లాంటాలో రక్ష, షికాగోలో అప్నాఘర్, బే ఏరియాలో మైత్రి. మగవాళ్లు పడే బాధకి కూడా హెల్ప్‌లైన్లు ఇవే, సిగ్గుపడక్కర్లేదు.

లైన్‌లోకి రాగానే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు. ఇండియన్ అనగానే హిందీ వాళ్లని కలిపేస్తారు, మనం మొహమాటానికి పోయి వచ్చీరాని హిందీలో సగం చెప్పి ఊరుకుంటాం. వద్దు. తెలుగు అనే అడుగు, లైన్‌లో పాట వేసి కాసేపు ఆగమంటారు, ఆగు.

పోలీసులొచ్చినప్పుడు ఇది ఇంకా ముఖ్యం. అతను ఆఫీసు ఇంగ్లిష్‌లో శాంతంగా మాట్లాడతాడు, నువ్వు ఏడుస్తూ తెలుగులో మాట్లాడతావు. అతన్నే నీకు అనువాదం చేయమంటే ఒప్పుకోకు. పక్కింటి అన్నయ్యా వద్దు, అతని స్నేహితుడూ వద్దు. ఇంకో మాట ఇప్పుడే చెబుతున్నా, తర్వాత నాకెందుకు చెప్పలేదనకు: న్యూజెర్సీలో ఒంటి మీద దెబ్బ కనిపిస్తే, కొట్టినవాణ్ణి పోలీసులు అరెస్ట్ చేసి తీరాలి. నువ్వు వద్దన్నా ఆగదు, తర్వాత నువ్వు కేసు వెనక్కి తీసుకుంటానన్నా అది నీ చేతిలో ఉండదు. పోలీస్ స్టేషన్‌లో డొమెస్టిక్ వయలెన్స్ రెస్పాన్స్ టీమ్ అని శిక్షణ పొందిన వాలంటీర్లు ఉంటారు, వాళ్లని పిలవమని అడుగు, పక్కన కూర్చుంటారు.

రిస్ట్రెయినింగ్ ఆర్డర్‌కి, అంటే అతను నీ దగ్గరికి రాకూడదనే కోర్టు ఉత్తర్వుకి, ఫీజు లేదు. పగలు ఫ్యామిలీ కోర్టులో, రాత్రీ సెలవుల్లో పోలీస్ స్టేషన్‌లోనే అడగొచ్చు. ముందు తాత్కాలికంగా ఇస్తారు, పది రోజుల్లోపు విచారణ పెడతారు, అక్కడ ఖాయమైతే ఈ రాష్ట్రంలో దానికి గడువంటూ ఉండదు. కోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉచితం. ఆరు నెలలకని వచ్చి కూర్చున్న అత్తగారు కొట్టినా, మరిది కొట్టినా ఈ చట్టం కిందికే వస్తారు, ఒకే ఇంట్లో ఉంటే చాలు. కొట్టకపోయినా డబ్బు చేతికివ్వకపోవడం, ఎవరితో మాట్లాడుతున్నావో కాపలా కాయడం, నీ వీసా క్యాన్సిల్ చేయించి పంపించేస్తానని బెదిరించడం, ఇవి కూడా జడ్జి లెక్కలోకి తీసుకోవచ్చని 2024లో చట్టంలో చేర్చారు.

వీసా బెదిరింపు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. నీ హెచ్-4 అతని హెచ్-1కి వేలాడుతూ ఉంటుంది, విడాకులైతే అది పోతుంది. కాబట్టి అతను చెప్పేదంతా అబద్ధం అనను. కానీ అతను చెప్పనివీ ఉన్నాయి. హింస పడుతున్న హెచ్-4 భార్య అతని సంతకం లేకుండా, ఐ-140తో పని లేకుండా సొంతంగా వర్క్ పర్మిట్ అడగొచ్చు. దానికి ఐ-765వి అనే ఫారం ఉంది, 2017 నుంచి తీసుకుంటున్నారు. అతనికి గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే హింస పడ్డవాళ్ల కోసం ఉన్న వావా చట్టం కింద నీ అంతట నువ్వే గ్రీన్‌కార్డ్‌కి పెట్టుకోవచ్చు. ఇలాంటి నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్లకి యూ వీసా ఉంది, ఏడాదికి పదివేలే కాబట్టి క్యూ మాత్రం ఏళ్ల తరబడి. ఈ ఫైళ్ల సంగతి ఇమ్మిగ్రేషన్ వాళ్లు అతనికి చెప్పకూడదు, అది చట్టం. మరి ఉత్తరాలు ఏ అడ్రసుకి వస్తాయి? ఇంటి మెయిల్‌బాక్స్ తాళంచెవి ఎవరి దగ్గరుంది? సురక్షితమైన వేరే అడ్రసు ఇవ్వొచ్చు, ఇవ్వు. లాయరంటే అతని కంపెనీ లాయర్ దగ్గరికి పోకు తల్లీ, ఆయన వాళ్ల మనిషి. డబ్బు లేకపోతే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ ఉంది.

గొడవ ముదిరాక "ఒకసారి ఇండియా వెళ్లొద్దాం, మీ అమ్మావాళ్లని చూసొద్దువుగాని" అంటే విమానం ఎక్కకముందే లాయర్‌తో మాట్లాడు. అక్కడ దింపేసి, పాస్‌పోర్ట్ పట్టుకుని ఒక్కడే తిరిగొచ్చేసినవాళ్లు ఉన్నారు. వీసా స్టాంపింగ్‌కి అతని ఐ-797, పే స్లిప్పులు కావాలి, ఇవ్వకపోతే నువ్వు అక్కడే. అలాగే నువ్వు పిల్లల్ని తీసుకుని చెప్పకుండా వెళ్లిపోవడం కూడా అంత తేలిక కాదు. దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపించే హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు కదా అని ఎవరో చెప్పే ఉంటారు, కానీ ఇక్కడ 1993 నుంచి అది ఫెడరల్ నేరం. అక్కడ చిక్కుకుపోతే జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది, తెలంగాణ పోలీసుల విమెన్ సేఫ్టీ వింగ్‌లోనూ ఉంది. ఇక్కడే వదిలేసి పోతే కాన్సులేట్‌ని అడుగు, లాయర్ ఖర్చులకి విదేశాంగ శాఖ సాయం ఉంది.

ఇంటికి ఫోన్ చేస్తే "సర్దుకుపోమ్మా, సంసారం గుట్టు రోగం రట్టు" అంటారు. అంటే అననీ. ఇక్కడి పెద్దమనుషులు కాఫీకి పిలిచి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేస్తామంటారు. ఇంటికెళ్లాక ఆ రాత్రి ఎలా ఉంటుందో వాళ్లకి పట్టదు. దానికన్నా డాక్టర్ నయం. క్లినిక్‌లో ఇంట్లో క్షేమంగా ఉన్నావా అని అడుగుతారు, అతను పక్కనే ఉంటే తలూపి ఊరుకుంటాం. ఒంటరిగా మాట్లాడాలని చెబితే అతన్ని బయటికి పంపిస్తారు, నువ్వు చెప్పింది రికార్డులో ఉంటుంది.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఏమీ అయిపోదు. పేరు చెప్పక్కర్లేదు. పోలీసుల్ని పంపరు, మొగుణ్ణి వదిలేసి రా అనరు. పిల్లల్ని కొడుతున్నారంటే మాత్రం లెక్క వేరు, ఈ రాష్ట్రంలో అది చెప్పి తీరాలి. మిగతాదంతా నువ్వు ఎంత చెబితే అంతే వింటారు. మాట్లాడి, పెట్టేసి, ఇంటికెళ్లి పప్పు పెట్టుకోవచ్చు. వారం తర్వాత మళ్లీ చేయొచ్చు. ఏ నిర్ణయం తీసుకోకుండా ఊరికే అడిగి తెలుసుకున్నవాళ్లే ఎక్కువమంది, ఆ తర్వాత బయటపడ్డవాళ్లూ ఉన్నారు, ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. నువ్వూ నిలబడతావు.

సందేహాలుంటే లాయర్‌ని అడుగు, లేదా పైన రాసిన నెంబర్లకి చెయ్యి. మన వాట్సాప్ గ్రూపులో మాత్రం అడగకు, "నా ఫ్రెండ్ ఒకామెకి" అని కూడా అడగకు. మీ ఆయన టీమ్‌మేట్ భార్య ఆ గ్రూపులోనే ఉంది.