జలపాతం చూడ్డానికి కార్లో బయల్దేరుతున్నారా, ముందు ఇది చదవండి

ఆరు గంటలు డ్రైవ్ చేసుకుంటూ పోతే మాకు కనపడిందేంటంటే ఓ పెద్ద నల్లబండ, దాని మీద ఎవరో కుళాయి సరిగ్గా కట్టడం మర్చిపోయినట్టు సన్నటి ధార. ఫొటోల్లో మాత్రం పాలు పొంగినట్టుండింది. ఆ ఉక్రోషంలో మేం చేసిన పనులు తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది, అందుకే సీజన్ మొదలయ్యేలోపు రాస్తున్నా.

ముందు తేదీ సంగతి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో చూసుకుని అప్పుడు సెలవు పెట్టండి. అమెరికాలో యోసెమిటీ ఫాల్స్ ఉంది, 739 మీటర్ల ఎత్తు, కానీ అది మంచు కరిగితే పారేది, మే నెలలో హోరెత్తిపోతుంది, ఆగస్టుకల్లా చాలాసార్లు బండే మిగులుతుంది. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఉన్న విక్టోరియా ఫాల్స్‌కి అక్టోబర్, నవంబర్‌లో వెళ్తే జాంబియా వైపు చాలా భాగం ఎండిపోయి ఉంటుంది, పోనీ ఏప్రిల్‌లో నిండుగా ఉన్నప్పుడు వెళ్దామంటే తుంపర లేచి లేచి జలపాతమే సరిగ్గా కనపడదు. పైన డ్యామ్ ఉందా అన్నది ఇంకో లెక్క. జోగ్ ఫాల్స్ పైన లింగనమక్కి డ్యామ్ ఉంది, నీళ్ళు కరెంటుకి పోతాయి, మంచి వానలు పడితే తప్ప ఫొటోల్లో చూసిన రూపం దొరకదు. అంతెందుకు, నయాగరాకి కూడా 1950 ఒప్పందం ఉంది, టూరిస్టు సీజన్లో పగలైతే సెకనుకి లక్ష ఘనపుటడుగులకి తగ్గకుండా వదలాలి, రాత్రిళ్ళూ చలికాలమూ అందులో సగం వదిలితే చాలు. అంత పెద్దదానికే వాల్వు తిప్పేవాళ్ళుంటే మనం వెళ్ళే చిన్న జలపాతం ఏపాటి!

ఫొటోలు చూసేటప్పుడు తేదీ చూడండి, గత వారం వెళ్ళొచ్చినవాళ్ళు పెట్టినవే చూడండి. కెమెరా షట్టర్ రెండు మూడు సెకన్లు తెరిచి పెడితే చిన్న ధార కూడా తెల్లటి పరదాలా వస్తుంది. ఫొటోలో మనుషులే లేకపోతే ఎత్తు నమ్మొద్దు.

ఇక అసలు ప్రమాదం. అక్కడికి చేరి ఉసూరుమన్నాక ఎవరో ఒకరు "ఇంత దూరం వచ్చాం కదా" అంటారు, చూడండి, అక్కణ్ణుంచి మొదలవుతుంది. మా బావ సరిగ్గా ఆ మాటే అని రెయిలింగ్ దాటి కిందికి దిగాడు, దగ్గరికెళ్తే ఫొటోలో పెద్దగా పడుతుందంట. నీళ్ళు తక్కువున్నాయి కాబట్టి ఏం కాదనుకున్నాడు కానీ తడి బండకి పట్టిన నాచుకి నీళ్ళెన్నున్నాయన్నది అనవసరం, సర్రున జారాడు, మడమ బెణికింది, ఫోన్ గుంటలో పడింది. తల తగల్లేదు, అదే అదృష్టం. కింద గుంట ప్రశాంతంగా కనిపించినా దూకొద్దు, లోపల రాళ్ళెక్కడున్నాయో పైనుంచి తెలీదు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడుతుండొచ్చు, ఉన్నట్టుండి నీళ్ళు బురదరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాన్లు సర్దుకుంటూ కూర్చోకుండా గట్టుకి, అది కూడా ఎత్తుగా ఉన్న చోటికి ఎక్కేయండి. చెప్పులు పోతే పోనీండి.

రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే, పొద్దున వచ్చిన దారే కదా అని దింపకండి. వేగంగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడేస్తాయి, 30 అయితే చిన్న కార్లు తేలిపోతాయి, 60 అయితే చాలా బళ్ళు కొట్టుకుపోతాయి. కింద రోడ్డు మిగిలుందో లేదో కూడా కనపడదు.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అనుకోరు కానీ మాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. వెళ్ళేటప్పుడు హుషారు, వచ్చేటప్పుడు అందరూ మొహాలు ముడుచుకుని నిద్ర, డ్రైవింగ్ చేసేవాడొక్కడే మేలుకుని ఉంటాడు, వాడికీ త్వరగా ఇల్లు చేరి ఈ రోజుని వదిలించుకోవాలని ఉంటుంది, స్పీడ్ పెరుగుతుంది. నేను ఒక మలుపులో రెండు క్షణాలు కళ్ళు మూశాను, మూశానని తెరిచాకే తెలిసింది. పాటలు పెట్టడం, అద్దం దించడం ఏమంత పనిచేయవు, క్షేమమైన చోట బండి ఆపి ఓ 20 నిమిషాలు పడుకోవడమే నయం. రెండు గంటలకోసారి దిగండి, నడపగలిగేవాళ్ళు ఇద్దరుండేలా చూసుకోండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేర్‌లో దిగండి, మాడు వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి.

టైర్లు, స్టెప్నీతో సహా, వైపర్లు, టార్చి, నెట్ లేకపోయినా పనిచేసేలా మ్యాప్, ఇవి మామూలే. లోయల్లో కొండ అడ్డమొచ్చి చీకటి త్వరగా పడుతుంది కాబట్టి ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంట్లోనే అనుకుని, ఆ టైం ఇంట్లో ఉండేవాళ్ళకీ చెప్పి బయల్దేరండి, అక్కడికెళ్ళాక బేరాలొద్దు. దార్లో చూడ్డానికి ఇంకోటి ఏదైనా రాసి పెట్టుకోండి, ఇది పోయినా అదుంది అనుకుంటే రెయిలింగ్ దాటాలన్న దురద సగం తగ్గుతుంది. ముందురోజు అక్కడ బస చేసే చోటికి ఫోన్ చేసి "ఇవాళ నీళ్ళెలా ఉన్నాయండీ" అని అడగండి, బాగున్నాయా అని అడిగితే బాగున్నాయనే అంటారు, అందుకే ఇవాళ తీసిన ఫొటో ఒకటి పంపమనండి. మేం ఆ ఫోన్ చేసింది తిరిగొచ్చాక, బావ మడమకి కట్టు కట్టించాక. ఫోన్ ఎత్తినాయన చల్లగా "ఇప్పుడు నీళ్ళెక్కడుంటాయి సార్" అన్నాడు.